ఆరుద్ర చుక్క ఎంత పెద్దది?

తొలకరి పడి నేల నానిన రెండు మూడు రోజులకు చేలగట్ల మీద ఎర్రటి మఖమలు ముక్కల్లాంటి పురుగులు బయటికొస్తాయి. వేలితో ముట్టుకుంటే కాళ్లన్నీ లోపలికి ముడుచుకుని కుంకుమబొట్టులా కదలకుండా ఉండిపోతాయి. వాటిని అగ్గిపెట్టెలో గడ్డి పరిచి దాచుకోని పల్లెటూరి పిల్లలు తక్కువ. ఆరుద్ర కార్తెలో వస్తాయి కాబట్టి ఆరుద్ర పురుగులయ్యాయి. తమాషా ఏమిటంటే, ఆ కార్తెకు పేరిచ్చిన ఆర్ద్ర నక్షత్రం కూడా ఎర్రటిదే. కానీ ఆరుద్ర కార్తెలో ఆ చుక్క కనపడదు. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరుంటే ఆ పేరే కార్తెకు పెట్టారు మన పెద్దలు. జూన్ చివరి వారంలో సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు, చుక్క పగటి వెలుగులో మునిగిపోతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రోహిణిదీ అదే గతి. ఆరుద్రను చూడాలంటే ఆరు నెలలాగి, డిసెంబరు రాత్రుల్లో తూర్పుకు తిరగాలి.

పంచాంగంలో రోజూ వినే ఈ పేర్ల వెనకున్న చుక్కలు సామాన్యమైనవి కావు. చాలావాటికి ఏదో ఒక రికార్డు ఉంది. వీటితోబాటు కంటికి ఆననివి, పేరుకు బదులు అంకెలు మోసేవి కొన్ని కలిపి ఇక్కడ కుప్ప పోశాం. ఒక్క హెచ్చరిక: చుక్కల లోకంలో రికార్డులకు నిలకడ లేదు. నిరుడు మొదటి స్థానంలో ఉన్నది ఈ ఏడు పట్టికలోనే ఉండకపోవచ్చు.

కొలత దొరికిన మొదటి చుక్క

ఎంత పెద్ద దుర్భిణిలో చూసినా నక్షత్రం చుక్కగానే కనిపించేది. దానికో వెడల్పు ఉంటుందని తెలుసుగానీ కొలిచే దారి లేదు. 1920 డిసెంబరులో అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద మైకెల్సన్, పీజ్ అనే ఇద్దరు నూరంగుళాల దుర్భిణి నెత్తిన ఇరవై అడుగుల ఇనుప దూలం బిగించి, దాని కొసల్లో అద్దాలు పెట్టి, రెండు వైపుల నుంచి వచ్చే కాంతిని కలిపి చూశారు. అలా సూర్యుడు కాక, వ్యాసం కొలవగలిగిన మొట్టమొదటి నక్షత్రం మన ఆర్ద్ర అయింది. వాళ్లు కొలిచిన కోణం ఎంతంటే, సుమారు 95 కిలోమీటర్ల అవతల నిలబెట్టిన రూపాయి బిళ్ళంత.

అంత చిన్నగా కనబడుతున్నది అది దూరంగా ఉండబట్టి. దూరం 550 నుంచి 700 కాంతి సంవత్సరాల మధ్య ఎక్కడో ఉంటుంది. ఈ రాత్రి మన కంట్లో పడే ఎర్ర వెలుగు కృష్ణదేవరాయలు గద్దెనెక్కక ముందే అక్కణ్నుంచి బయల్దేరింది. ఆర్ద్రను తెచ్చి సూర్యుడి చోట పెడితే బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు నలుగురూ దాని పొట్టలోకి పోతారు. అంత ఒళ్లున్నా గట్టిదనం లేదు. సగటున చూస్తే మనం పీల్చే గాలికన్నా వేల రెట్లు పలచన. వయసు సుమారు కోటి ఏళ్లు, అంటే డైనోసార్లు పోయిన చాలాకాలానికి పుట్టి, అప్పుడే చావుకు దగ్గరపడిన చుక్క.

2019 చివర్లో ఇది ఉన్నట్టుండి మసకబారింది. 2020 ఫిబ్రవరికి వెలుగు మామూలులో దాదాపు మూడో వంతుకు పడిపోయింది. ఇంకేముంది, పేలిపోతోందని పత్రికలు రాశాయి. తీరా తేలిందేమంటే, చుక్క తనలోంచి కక్కిన పదార్థం చల్లబడి ధూళిగా మారి మనకు అడ్డం వచ్చింది. రెండు నెలల్లో మళ్లీ మామూలైంది. ఎప్పుడో ఒకప్పుడు పేలడం మాత్రం ఖాయం. అది రేపు కావచ్చు, లక్ష ఏళ్లకు కావచ్చు. పేలిన నాడు పట్టపగలు కూడా కనపడుతుంది.

మరి అన్నిటికన్నా పెద్దదేది?

ఇక్కడే తగవు. కొన్నేళ్లపాటు ఏ క్విజ్ పుస్తకం తెరిచినా యూవై స్క్యూటీ అని ఉండేది, సూర్యుడికి 1,700 రెట్ల వెడల్పు అని. తర్వాత దాని దూరాన్ని మళ్లీ కొలిచారు. అనుకున్నంత దూరంలో లేదని తేలడంతో వెడల్పూ కుంగిపోయింది. ఇప్పుడు స్టీఫెన్‌సన్ 2-18 పేరు వినిపిస్తోంది, 2,150 రెట్లని. ఆ లెక్క మీదా అనుమానాలున్నాయి. కాస్త నమ్మదగ్గ కొలత వీవై కానిస్ మేజోరిస్‌ది, సుమారు 1,400 రెట్లు. దాన్ని సూర్యుడి చోట పెడితే గురుగ్రహం కక్ష్య కూడా దాటుతుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే ఈ మహాకాయాలకు స్పష్టమైన అంచు ఉండదు. ధూపం పొగకు ఇక్కడితో ఆఖరని గీత గీయమంటే ఎలా గీస్తాం?

బరువులో మొనగాడు వేరే ఉంది. మన పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీలో, సుమారు లక్షా అరవై వేల కాంతి సంవత్సరాల దూరంలో, ఆర్136ఏ1 అనే చుక్క. 2010లో దాని బరువు 265 సూర్యులంత అన్నారు. ఇంకా నిశితంగా చూశాక 200 దగ్గరకు దించారు. తగ్గించినా మొదటి స్థానం దానిదే.

రంగును బట్టి వేడి

స్నానాల గదిలో ఎర్ర గుర్తున్న పంపు వేడినీళ్లది, నీలం గుర్తున్నది చన్నీళ్లది. చుక్కల్లో దీనికి పూర్తిగా ఎదురు. కంసాలి కుంపటి చూసినవాళ్లకు, గ్యాసు పొయ్యి నీలి మంటను కట్టెల పొయ్యి ఎర్ర మంటతో పోల్చి చూసినవాళ్లకు ఇది వెంటనే తట్టాలి. ఎర్రచుక్కల ఉపరితలం మూడు వేల డిగ్రీల దగ్గర ఉంటే, నీలిచుక్కలది ముప్పై వేలు దాటుతుంది. సూర్యుడు మధ్యలో, 5,500 సెల్సియస్ దగ్గర.

ఈ వేడి వరసకు ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎమ్ అని పేర్లు. అక్షరాలు ఇలా చెదిరిపోవడానికి కారణం ఉంది. హార్వర్డ్ అబ్జర్వేటరీలో తక్కువ జీతానికి కుదిరిన ఆడవాళ్లు గాజు పలకల మీది నక్షత్ర వర్ణపటాలను వేరుచేసేవారు. మొదట హైడ్రోజన్ గీతలు ఎంత గట్టిగా ఉన్నాయో చూసి ఏ, బీ, సీ అని వరసగా పెట్టారు. తర్వాత ఆనీ జంప్ కానన్ వచ్చి, కొన్ని అక్షరాలు తీసేసి, మిగిలినవాటిని తారుమారు చేస్తే వరస సాఫీగా కుదురుతుందని కనిపెట్టింది. ఆమెకు చెవులు సరిగా వినపడవు. చూపు మాత్రం ఎంత చురుకంటే నిమిషానికి మూడు నక్షత్రాల వరకు గుర్తించి చెప్పేది. జీవితం మొత్తంలో ఒక్కచేతి మీద సుమారు మూడున్నర లక్షల నక్షత్రాల తరగతి తేల్చింది. ఈ రికార్డును ఏ మనిషీ దాటలేదు, ఇక దాటే అవసరమూ రాదు.

పంచాంగం దగ్గర పెట్టుకుంటే ఈ వరస నోటికి పట్టించుకోవడం తేలిక. చిత్ర, మఖ బీ తరగతివి. అభిజిత్, శ్రవణం ఏ. ధ్రువుడు ఎఫ్. సూర్యుడు జీ. స్వాతి, రోహిణి కే. ఆర్ద్ర, జ్యేష్ఠ ఎమ్. ఓ తరగతి చుక్కలు అరుదు.

ఈ వరస వేడిదే అని లెక్క కట్టి రుజువు చేసే సూత్రం 1920లో కలకత్తా నుంచి వచ్చింది, మేఘనాద్ సాహా దగ్గర్నుంచి. ఆ సూత్రం పట్టుకునే సిసీలియా పేన్ 1925లో హార్వర్డ్‌లో తన థీసిస్ రాసింది. నక్షత్రాల్లో ఉన్నది ఇనుమూ రాయీ కాదు, దాదాపు అంతా హైడ్రోజనే అని ఆమె లెక్కలో తేలింది. అప్పటి పెద్ద పండితుడు హెన్రీ నోరిస్ రసెల్ ఇది అసాధ్యమన్నాడు. పాతికేళ్ల పిల్ల, ఏం చేస్తుంది? ఈ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని తన థీసిస్‌లో తనే రాసుకుంది. నాలుగేళ్లకు రసెల్ సొంత దారిలో వెళ్లి అదే తేల్చి, ఆమె చెప్పింది సరైనదేనని ఒప్పుకున్నాడు. విశ్వం దేనితో తయారైందో మొదట చెప్పిన మనిషి చేతే అది అబద్ధం కావచ్చని రాయించడం కూడా ఒక రికార్డే అనాలి.

గుంటూరు సూర్యుడు

భూమి మీదకన్నా ముందు నక్షత్రంలో దొరికిన మూలకం ఒక్కటే ఉంది, హీలియం. ఆ కథకు మొదలు మన కృష్ణా, గుంటూరు సీమల్లో.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ దారి బీజాపూరు మీదుగా గుంటూరు, మచిలీపట్నం దాటి సముద్రంలోకి పోతుంది. పూర్తి చీకటి ఐదు నిమిషాలకు పైనే. ఫ్రాన్సు నుంచి జూల్ జాన్సెన్ గుంటూరు వచ్చి, అక్కడున్న ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో తన వర్ణపటదర్శిని నిలబెట్టాడు. బ్రిటిషు బృందం ఒకటి కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. ఆగస్టు నెల, వానాకాలం. మబ్బు పట్టిందంటే అంత దూరం వచ్చిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

మబ్బు అడ్డం రాలేదు. సూర్యుడి అంచున లేచే మంటల్లో మెరిసే గీతలు అందరికీ కనిపించాయి. వాటిలో ఒక పసుపు గీత. ఉప్పు కల్లు మంటలో వేస్తే వచ్చే సోడియం పసుపులా ఉందిగానీ చోటు సరిగ్గా కలవలేదు. మచిలీపట్నంలో పాగ్సన్ ఈ తేడాను గమనించి రాశాడు. గుంటూరులో జాన్సెన్‌కు ఆ వెలుగు చూశాక ఇంకో ఆలోచన తట్టింది. ఇంత కాంతి ఉన్న మంటల్ని చూడటానికి గ్రహణం ఎందుకని మర్నాడు పొద్దున్నే మామూలు సూర్యుడి మీద గురిపెట్టి చూసి చూపించాడు. అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ కూడా అదే పని సొంతంగా చేశాడు. ఆ పసుపు గీత కొత్త మూలకానిదని తీర్మానించి, గ్రీకు సూర్యుడి పేరుమీద హీలియం అన్నది ఆయనే. భూమి మీద హీలియం చేతికి చిక్కింది 1895లో, రామ్సే ప్రయోగశాలలో. మధ్యలో ఇరవై ఏడేళ్లు అది సూర్యుడికి మాత్రమే సొంతమైన సరుకు.

పాగ్సన్‌ది ఇంకో ఘనత ఉంది. చుక్కల మెరుపును ఒకటో తరగతి, రెండో తరగతి అని ప్రాచీన గ్రీకుల కాలం నుంచి అంచనాగా చెప్పుకునేవారు. ఒక్కో మెట్టుకు సుమారు రెండున్నర రెట్లు తేడా అని 1856లో దాన్ని లెక్కలో పెట్టింది ఆయనే. ఈనాటికీ ప్రపంచమంతా ఆ కొలతే.

హైదరాబాదు వాటా కూడా చెప్పాలి. నవాబు జఫర్ జంగ్ సొంత డబ్బుతో దుర్భిణి తెప్పించి 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, ఆకాశం మొత్తాన్ని ఫొటో తీసే ప్రపంచ పథకంలో తన వంతు భాగాన్ని పూర్తిచేసింది. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చు వేసింది. ఊరికే ఖాళీగా కూర్చుంటే చుక్కలు లెక్కపెడుతున్నావా అంటాం. ఆ అబ్జర్వేటరీ ఉన్న బేగంపేటలో అప్పట్లో కొందరికి నిజంగా అదే ఉద్యోగం.

పుట్టిళ్లు

నక్షత్రం పుట్టేది చలిలో. సున్నాకు దిగువన 260 డిగ్రీల దగ్గర గడ్డకట్టుకుపోయిన వాయువు, ధూళి మేఘం తన బరువుకు తనే కుంగుతుంది. కుంగేకొద్దీ మధ్యలో వేడి పెరుగుతుంది. కోటి డిగ్రీలకు చేరితే హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం కావడం మొదలవుతుంది, చుక్క వెలిగినట్టే. సూర్యుడంతటిది స్థిరపడటానికి సుమారు ఐదు కోట్ల ఏళ్లు పడుతుంది. స్థిరపడ్డాక మన సూర్యుడి తిండి చూడండి: సెకనుకు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్. అందులో 40 లక్షల టన్నులు వెలుగుగా మారి వెళ్లిపోతాయి. 460 కోట్ల ఏళ్లుగా తింటున్నా ఇంకా సగం సరుకు మిగిలే ఉంది.

చుక్కలు ఒంటరిగా పుట్టవు, గుంపుగా పుడతాయి. పల్లెల్లో పిల్లలకోడి అనే కృత్తికలు అలాంటి తోబుట్టువులే. కంటికి ఆరో ఏడో కనిపిస్తాయిగానీ గుంపులో వెయ్యికి పైగా ఉన్నాయి. వయసు పది కోట్ల ఏళ్లు. అవి వెలిగేనాటికి ఇక్కడ డైనోసార్లు మేస్తున్నాయి. వాటి కిందనే ఉన్న రోహిణి మాత్రం మోసం చేస్తుంది. ఓ చుక్కల గుంపు నడుమ పెద్దక్కలా కూర్చుంటుందిగానీ ఆ గుంపుతో ఏ చుట్టరికమూ లేదు. గుంపు 150 కాంతి సంవత్సరాల అవతల ఉంటే, రోహిణి 65లోనే ఉంది.

పుట్టబోయి ఆగిపోయినవీ ఉన్నాయి. సూర్యుడి బరువులో సుమారు 8 శాతమన్నా లేకపోతే లోపల పొయ్యి అంటుకోదు. ఈ గీతను అతికష్టం మీద దాటిన చుక్క 2017లో దొరికింది. వెడల్పు శనిగ్రహమంత. గీత దాటలేకపోయిన ఒకటి 2014లో దొరికింది. ఏడు కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గోధుమ మరుగుజ్జు మీద చలి నీళ్లు గడ్డకట్టేటంత అని అప్పట్లో లెక్కగట్టారు. నక్షత్రం కావలసినది మంచుగడ్డకన్నా చల్లగా ఉందన్నమాట!

దగ్గర, దూరం, పరుగు

సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి చుక్క ప్రాక్సిమా సెంటారీ. 4.24 కాంతి సంవత్సరాలు, అంటే 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. పక్కింటిదైనా కంటికి కనపడదు, ఎందుకంటే అది మసకగా వెలిగే ఎర్ర మరుగుజ్జు. పాలపుంతలో నాలుగింట మూడు వంతుల చుక్కలు ఈ జాతివే. వాటిలో ఒక్కటీ మామూలు కంటికి ఆనదు. రాత్రి మనం చూసి మురిసేదంతా ఊళ్లో దొరలనే. జనం చీకట్లోనే ఉన్నారు. అయితే ఆయుష్షు జనానిదే. దొరలు లక్షల ఏళ్లలో మండిపోతే మరుగుజ్జులు లక్షల కోట్ల ఏళ్లు వెలుగుతాయి.

అతి దూరాన విడిగా కనిపించిన చుక్క 2022లో హబుల్ పట్టుకున్న ఎరెండెల్. దాని వెలుగు 1,290 కోట్ల ఏళ్లు నడిచి వచ్చింది. దారిలో ఒక గెలాక్సీల గుంపు భూతద్దంలా పనిచేయబట్టి కనిపించింది. అది ఒక్క చుక్కా, చుక్కల గుంపా అని ఇప్పుడు మళ్లీ వాదన నడుస్తోంది. ఎరెండెల్ అంటే పాత ఇంగ్లీషులో వేగుచుక్క. మన వేగుచుక్కేమో చుక్కే కాదు, శుక్రగ్రహం.

పరుగులో పేరున్నది ఎస్5-హెచ్‌వీఎస్1. సెకనుకు 1,755 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి సెకను కూడా పట్టదు. పాలపుంత నడుమ ఉన్న కృష్ణబిలం సుమారు యాభై లక్షల ఏళ్ల కిందట దీన్ని ఒడిసెలలోంచి రాయిలా విసిరేసింది. గిరగిర తిరగడంలో మఖ గట్టిది. సూర్యుడు ఓ చుట్టుకు దాదాపు 25 రోజులు తీసుకుంటే మఖ 16 గంటల్లో తిరిగేస్తుంది. ఆ ఊపుకు నడుము ఉబ్బి ఇడ్లీ ఆకారానికి వచ్చింది.

స్వాతి కథ వేరు. ఉత్తరార్ధ ఆకాశంలో అన్నిటికన్నా కాంతివంతమైన చుక్క అది. 1933లో షికాగో ప్రదర్శన ప్రారంభోత్సవానికి స్వాతి వెలుగును దుర్భిణితో పట్టి, విద్యుత్తుగా మార్చి, దీపాలు వెలిగించారు. 1893లో అదే ఊళ్లో ప్రదర్శన జరిగినప్పుడు బయల్దేరిన కాంతి సరిగ్గా నలభై ఏళ్లకు చేరిందని మురిసిపోయారు. తర్వాత కొలిస్తే దూరం 37 కాంతి సంవత్సరాలే. ఆ కాంతి ప్రదర్శన డేరాలు పీకేసిన మూడేళ్లకు బయల్దేరింది.

చచ్చినా తగ్గని చుక్కలు

రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా మెరిసే చుక్క మృగవ్యాధుడు. దాని పక్కనో తోడు ఉంది, 1862లో కంటపడింది. సూర్యుడంత బరువు, భూమంత ఒళ్లు. చెంచాడు తీస్తే పది టన్నులకు పైనే. చచ్చిన చుక్క ఇలా మిగలాలంటే బరువు 1.4 సూర్యులు దాటకూడదని తేల్చినవాడు, 1930లో ఇంగ్లండు వెళ్లే ఓడలో ఆ లెక్క మొదలుపెట్టిన పంతొమ్మిదేళ్ల కుర్రవాడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. నోబెల్ వచ్చేసరికి 1983 అయింది.

హద్దు దాటినవి న్యూట్రాన్ నక్షత్రాలవుతాయి. హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు లోపల ఇమిడిపోయే గోళంలో సూర్యుణ్ని మించిన బరువు. వంటింట్లో మిక్సీని గట్టిగా తిప్పితే నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. 2004లో కనిపెట్టిన ఇలాంటి ఒక న్యూట్రాన్ నక్షత్రం సెకనుకు 716 చుట్లు, అంటే నిమిషానికి సుమారు 43 వేలు. పప్పు రుబ్బే జారు కాదు, ఊరంత గోళం.

2004 డిసెంబరు 26 సునామీ మన తీరం మరచిపోదు. రెండు రాత్రులు గడిచాయో లేదో, 28 తెల్లవారుజామున మన గడియారం మూడు కొట్టే వేళకు ఎస్‌జీఆర్ 1806-20 అనే న్యూట్రాన్ నక్షత్రం తుళ్లింది. సూర్యుడు లక్ష ఏళ్లకు పైగా ఇచ్చే శక్తిని సెకనులో చిన్న భాగంలో కక్కేసింది. వేల కాంతి సంవత్సరాల అవతల జరిగినా భూమి పైపొర వాతావరణం అదిరింది. పాలపుంతలో మనం నమోదుచేసిన అతిపెద్ద ఉలికిపాటు అది.

తండ్రికన్నా పెద్ద కొడుకు

తులారాశిలో హెచ్‌డీ 140283 అనే చుక్క వయసు 2013లో లెక్కగడితే 1,446 కోట్ల ఏళ్లు వచ్చింది. విశ్వం వయసేమో 1,380 కోట్లు. లెక్కలో 80 కోట్లు అటూ ఇటూ కావచ్చని లెక్కగట్టినవాళ్లే చెప్పారు కాబట్టి పరువు దక్కింది. తర్వాతి లెక్కలు దాని వయసును విశ్వం వయసు లోపలికే తెచ్చాయి.

అరుంధతి

పెళ్లిలో పట్టపగలు ముహూర్తమైనా సరే, పురోహితుడు ఆకాశంలో అరుంధతిని చూపిస్తాడు. కనిపించిందా అంటే కనిపించిందని ఇద్దరూ తలూపుతారు. ఆ చూపించేది మామూలు చుక్క కాదు. దాని పక్కనే కనిపించే, 80 కాంతి సంవత్సరాల దూరంలోని వసిష్ఠుడు దుర్భిణిలో జంటగా కనిపించిన మొట్టమొదటి చుక్క. 1889లో ఆ జంటలో ఒకటి మళ్లీ జంటేనని వర్ణపటం చెప్పింది. అలా దొరికిన జంటల్లోనూ అదే మొదటిది. తర్వాత రెండోదీ జంటే అయింది. 2009లో అరుంధతి పక్కన కూడా ఒక చిన్న చుక్క బయటపడింది.

మార్చి నుంచి మే దాకా రాత్రి భోజనాలయ్యాక డాబా ఎక్కి ఉత్తరానికి తిరగండి. సప్తర్షుల తోకలో చివరినుంచి రెండోవాడు వసిష్ఠుడు. అతణ్ని ఆనుకుని మసకగా ఉన్నది అరుంధతి. దుర్భిణి లేకుండా చూస్తే ఇద్దరు, లెక్కకు ఆరుగురు.